తడవకూడని కోటు

తిరుపతి పోయి గుండు లేకుండా, లడ్డు లేకుండా తిరిగొచ్చిన మనిషిని మా గిద్దలూరు బజారులో ఇంతకుముందు ఎవరూ చూసినట్టు లేదు. బస్సు దిగి టీకొట్టు కాడ నిలబడినానో లేదో, "ఏమప్పా, స్వామే దర్శనం ఇయ్యలేదా, నువ్వే కొండెక్కలేదా?" అని మొదలుపెట్టినారు. ఎక్కలేదు. ఎందుకెక్కలేదో ఒక్కొక్కడికీ విడివిడిగా చెప్పే ఓపిక నాకు లేదు. అందుకని ఒక్కసారే రాసిపడేస్తాండా.

నేను మిలట్రీలో వంటవాణ్ణి. అక్కడ వంటశాలను లంగరంటారు. చానా ఏళ్ళ కిందట మా లంగరు ముందు ఒక సన్నటి పిల్లగాడు పళ్ళెం పట్టుకోని నిలబడినాడు. మాంసం గంటె ఎత్తబోతే పళ్ళెం వెనక్కు లాక్కున్నాడు. "వద్దులే అన్నా. మాది గుళ్ళో కైంకర్యం చేసే ఇల్లు" అన్నాడు తెలుగులో. ఆ మంచు కొండల్లో తెలుగు మాట చెవిన పడితే ప్రాణం లేచొస్తాది. ఆ రోజు నుంచి వానికి ఒక గిన్నె వేరే పెట్టినాను. ఆ గిన్నెలో మాంసం గంటె పెట్టినోణ్ణి ఎవర్నైనా సరే అమ్మనాబూతులు తిట్టినాను. వాని పేరు వరదరాజు. వడమాలపేట దగ్గర పల్లె.

పోయిన చలికాలంలో నాకు పింఛనీ వచ్చినాది. ఇంటికి బయల్దేరేనాడు ఒళ్ళు కాలిపోయే జరం. లారీ ఎక్కుతాంటే వరదరాజు తన ఓవర్‌కోటు విప్పి నా భుజాన కప్పినాడు. మోకాళ్ళ కింది దాకా ఉండే ఆకుపచ్చ కోటు, పెద్ద కాలరు, ఇత్తడి గుండీలు. "నేను స్టోర్లో ఇంకోటి తీసుకుంటాలే. సెలవుకొచ్చినప్పుడు మీ ఇంటికొచ్చి గుత్తొంకాయ తిని, కోటు పట్టకపోతా" అన్నాడు.

ఎండాకాలం రాకముందే వాడెక్కిన లారీ లోయలో పడినాది. జెండా కప్పిన పెట్టె వడమాలపేటకు పోయిందంట. నాకు తెలిసేసరికి కర్మాంతరాలు కూడా అయిపోయినాయి.

తర్వాత ఒకరోజు వాని భార్య గోద ఫోను చేసినాది. "అన్నా, ఆయన కోటు మీ దగ్గర ఉండాదంట గదా. ఉతికినారా?" అని అడిగినాది. లేదమ్మా అన్నాను. ఆమె చెప్పిన సంగతి ఇదీ. వాని పెట్టె ఇంటికి వచ్చినప్పుడు అత్తగారు అన్నీ బయటనే తడిపించినారంట. యూనిఫారాలు, దుప్పట్లు, తువ్వాలు, కడకు టోపీ కూడా. సావు మైల ఉన్న బట్ట పొడిగా గడప దాటకూడదు. మైలను వాళ్ళు తీట్టు అంటారు. "ఒక్క గుడ్డలో కూడా ఆయన వాసన లేదన్నా. అన్నీ బావినీళ్ళ వాసనే. ఆ కోటు మాత్రం తడపకుండా నాకియ్యండి" అన్నాది.

దానికే నేను తిరుపతి పోయినాను. స్వామి కోసం కాదు. స్వామి నన్ను మన్నించాల.

కోడూరు దాకా

కార్తీకమాసం. ఉత్తరాది చలికి కుట్టిన కోటును కడప జిల్లా ఉక్కలో ఒళ్ళో పెట్టుకోని కూర్చునేవాడు ఎట్లుంటాడో మీరే అనుకోండి. లగేజీ పైన వేస్తే వాన పడితే తడుస్తాది, సీటు కింద పెడితే ఎవరో ఒకరు కిళ్ళీ ఉమ్మేస్తారు. కండక్టరు చూసి, "ఏం పెద్దాయనా, జరమా?" అన్నాడు. జరం లేదు, చాదస్తం అన్నాను.

రాజంపేటలో ఒకామె అరటిపండ్ల బుట్టతో ఎక్కి నా పక్కన కూర్చునింది. కోడూరు తోటల మనిషి, నోరు మంచిది. కోటు అంచు పట్టుకోని చూసి, "ఇంత దొడ్డు బట్ట ఎవురికప్పా, కొడుక్కా?" అన్నాది. నాకు అబద్ధాలు రావు. చచ్చిపోయిన పిల్లగాడిది, ఇంటికిచ్చేదానికి పోతాండా అని చెప్పినాను. చెయ్యి టక్కున తీసేసింది. బుట్టను కాలితో అవతలికి జరిపినాది. ఆ పండ్లు సోమవారం దీపాలకంట, అందులోకి మైల తగలకూడదంట. నాకు కోపం వచ్చినాది. కోటు ముట్టుకుంటే పండ్లకేమైతాది? మా ఇళ్ళల్లో సావు ఇంటికి పోయొస్తే కాళ్ళు కడుక్కోని లోపలికి పోతాం, అంతటితో సరి. మొహం కిటికీకేసి తిప్పుకున్నాను.

కోడూరులో దిగేటప్పుడు ఆమె బుట్టలోంచి రెండు పండ్లు తుంచి, నా ఒళ్ళో పెట్టకుండా సీటు మీద పెట్టినాది. "నువ్వేం చేసినావులే పాపం. తిను. ఆ బిడ్డ తల్లి ఉండాదా?" అన్నాది. ఉంది అన్నాను. తలకాయ ఊపుకుంటా దిగిపోయినాది. ఆ అరటిపండు మాత్రం తేనె. మా వైపు దొరికేది దాని ముందు గడ్డి.

తిరుపతి

నేను దిగినప్పుడు సన్నగా తుంపర. రాత్రి లాడ్జిలో పడుకోని పొద్దున లేచేసరికి ఆకాశం కుండపోత. లాడ్జి మేనేజరు టీవీ చూస్తా, "తుపానంట సార్, రెండు రోజులు వదలదు" అన్నాడు, వానికేదో లాభం వచ్చినట్టు.

నాకు కోటు గురించే దిగులు. ఎన్ని వానలు, ఎంత మంచు తట్టుకున్న కోటో అది. మనిషిని తడవకుండా కాచేదానికి కుట్టిన బట్ట. ఇప్పుడు దాన్ని నేను కాయాల. బజారులో ప్లాస్టిక్ పట్టలు అమ్మే కొట్టుకు పోయి మీటర్ల లెక్కన దొడ్డు పట్ట కొన్నాను. మా ఊళ్ళో ఇచ్చేదానికి రెట్టింపు చెప్పినాడు. వానలో బేరమాడితే వినే మొగం కాదు వానిది. అక్కడే కోటు మడిచి, పట్ట రెండు చుట్లు చుట్టి, తాడు కట్టినాను. కొట్టాయన నన్ను పైనుంచి కిందికి చూసి, "నువ్వేమో తడిసి ముద్దయితివి, కోటుకేమో కవరా? సరిపోయినాది" అన్నాడు. గొడుగు కొనుక్కునే ఆలోచన అప్పుడు గానీ రాలేదు నాకు.

మడిచేటప్పుడు ఒకసారి కాలరు దగ్గర ముక్కు పెట్టినాను. కిరసనాయిలు పొయ్యి పొగ, చెమట, వాటి మధ్యలో పచ్చకర్పూరం. వాడు జేబులో చిటికెడు పచ్చకర్పూరం పొట్లం కట్టి పెట్టుకునేవాడు. కాపలా డ్యూటీలో తీసి వాసన చూసుకునేవాడు. "గుడి గుర్తొస్తే ఇదే నా దర్శనం" అనేవాడు. కోటు నా దగ్గరున్నన్నాళ్ళూ దాన్ని బీరువాలోంచి నేను తీసిందే లేదు. ఆ కొట్టు ముందర వానలో నిలబడి నేను ఏడ్చినాను. చెప్పుకునేదానికి సిగ్గేమీ లేదు.

ఒక వంటవాడిగా చెప్పకుండా ఉండలేని మాట. తిరుపతిలో బజారు హోటలు పొంగలిలో నెయ్యి కంటే డాల్డా ఎక్కువ. సందులో ఒక ముసలామె పెట్టుకున్న మెస్సులో మాత్రం రాగిసంగటీ, పల్లీలు నూరిన ఊరిబిండి పచ్చడీ తిన్నాను. మా వైపు జొన్నసంగటి గట్టిగా ఉంటాది, చేత్తో విరుచుకోని తింటాం. ఇక్కడ రాగిముద్ద గొంతులో దానంతటదే జారిపోతాది. నమిలితే నవ్వుతారు. నేను నమిలినాను, నవ్వినారు.

అలిపిరి

గోదా నేనూ అలిపిరి మెట్ల దగ్గర కలుసుకోవాలని అనుకున్నాం. ఏడాది గడిచేదాకా వాళ్ళింట్లోవాళ్ళు కొండెక్కకూడదు. కొండ కింద దీపం పెట్టుకోని వస్తానని అత్తకు చెప్పి వస్తానన్నాది. కోటు తీసుకోని పోయి, పుత్తూరులో స్నేహితురాలి ఇంట్లో దాచుకుంటానన్నాది. మొగుని కోటు ఇంకొకరి ఇంట్లో దాచుకోవాల్సిన గతి. వింటానే నాకు అత్తగారి మీద కారాలు మిరియాలు నూరాలనిపించినాది.

అంత వానలోనూ మెట్ల కాడ జనం. గుండ్ల మీద వాన పడి జారిపోతాంది. పసుపు పూసి బొట్లు పెట్టిన మెట్ల మీంచి ఎర్రటి నీళ్ళు కారతాండాయి. కర్పూరం అంటుకోదు, అయినా ఆడోళ్ళు ఒకరి కొంగు కింద ఒకరు వంగి వెలిగిస్తానే ఉండారు. మూట గుండెకు హత్తుకోని ఒక రేకుల పంచ కింద నిలబడినాను. కొండ పైభాగం మబ్బులో కనబడనే లేదు.

ఫోను మోగినాది. గోద.

"అన్నా, నేను రాలేను. అత్తకు తెలిసిపొయినాది."

"ఎట్ల తెలిసినాది?"

"దీపం పెట్టుకోనొస్తానని చెప్పినా. ఈ వాన్లోనా అనింది. ఆమె మొగం చూసి అబద్ధం ఆడలేకపొయినా. అంతా చెప్పేసినా." ఆగకుండా చెప్పుకుంటా పోయినాది. "కోటు ఇంటికే తీసుకరమ్మను అనింది. గడప బయట కాగునిండా నీళ్ళు పెట్టుకోనుండాది."

నాకు మండినాది. "అట్లయితే నేను గిద్దలూరికే ఎల్లిపోతా. కోటు నా దగ్గరే ఉండనీ. నీకు కావల్సినప్పుడు వచ్చి తీసుకో" అన్నాను.

"వద్దన్నా. మళ్ళా ఎప్పుడొస్తానో, ఎవురు పంపిస్తారో." అన్నాది. "తడిస్తే తడవనీ. ఆయన తొడిగిన కోటు. ఒక్కసారైనా కళ్ళతో చూస్తా. రండన్నా."

ఫోను పెట్టేసి కొండకేసి ఒక దండం పెట్టినాను. పైకి పోలేదు. వరదరాజు తల్లీ భార్యా ఎక్కకూడని కొండ, వాని కోటు మోసుకోని నేనెక్కడమేంది అనిపించినాది.

పుత్తూరు బస్సు

తిరుపతి నుంచి పుత్తూరు పోయే బస్సు ఎక్కి చూడండి, సగం మంది చేతులకూ కాళ్ళకూ కట్లుంటాయి. ఎముక విరిగితే పుత్తూరు కట్టు కట్టించుకునేదానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు. వెదురు బద్దలు, గుడ్డ, ఆకుపసరు, కోడిగుడ్డు. నా ముందు సీటులో చిత్తూరు రైతు ఒకాయన చెయ్యి మెడకు కట్టుకోని కూర్చున్నాడు. మామిడిచెట్టు మీద కొమ్మలు కొడతా పడినాడంట.

"నువ్వు యాడ ఇరగ్గొట్టుకున్యావు?" అని నన్నడిగినాడు.

నాకేం విరగలేదన్నాను.

"అయితే ఈ బస్సెందుకెక్కినావబ్బా?" అన్నాడు. ఆ మాటకు బస్సంతా నవ్వినాది, నేనూ నవ్వినాను. మళ్ళీ అంతలోనే గడప ముందరి కాగు కళ్ళల్లో మెదులుతాండాది. ఆ ముసలామెతో ఏం మాట్లాడాల, ఎట్ల బతిమాలాల అని దారంతా మాటలు కూడబెట్టుకుంటానే ఉన్నాను. అమ్మా, నీ కొడుక్కు ఇన్నేళ్ళు వేరే గిన్నెలో వండి పెట్టినాను, ఈ ఒక్కటి నా మాట విను అని అడుగుదామనుకున్నాను.

వడమాలపేట దాటి

బస్సు దిగి ఆటోలో లోపలికి పోవాల. రోడ్డు మీద వంక పారతాందని ఆటోవాడు సగందోవలో దింపేసినాడు. పంచె పైకి కట్టి, మూట నెత్తిన పెట్టుకోని మోకాటిలోతు నీళ్ళలో నడిచినాను. ఒకచోట కాలు జారినాది. నేను పడినా పరవాలేదు, మూటను మాత్రం రెండు చేతులతో పైకెత్తి పట్టుకున్నాను. గొడుగు వంకలో కొట్టుకపోయినాది. పోతే పోనీ.

చిన్న పెంకుటిల్లు. ముందర వెడల్పాటి తిన్నె, పక్కన బావి. గడప ముందు ఇత్తడి కాగు నిజంగానే ఉండాది, నిండా నీళ్ళు. వాకిట్లో వరదరాజు తల్లి అలమేలమ్మగారు నిలబడి ఉన్నారు. గట్టిగా ఊదితే పడిపోయే మనిషి. నేను ఈమెను ఏదో కోటగోడలాగా ఊహించుకోనొచ్చినాను. వెనక తలుపు పట్టుకోని గోద. ఇద్దరి ముఖాలూ ఒక్కతీరుగానే వాడిపోయి ఉండాయి.

"నువ్వేనా నాయనా, మా వాడికి వేరే గిన్నె పెట్టింది?" అన్నాది పెద్దామె.

దారంతా కూడబెట్టుకున్న నా మాట అక్కడే పోయినాది. ఊఁ అన్నాను.

"కూర్చో. ముందు సాపాటు చెయ్యి."

తిన్నె మీద ఆకు వేసినారు. పులిహోర, దద్దోజనం, మిరియాల చారు. నన్ను లోపలికి పిలవలేదు. దానికి నేనేం అనుకోలేదు, వాళ్ళ పద్ధతి. కానీ ఆమె ఆ చలిలో నా ఎదురుగా కూర్చోని, ఆకు ఖాళీ కానియ్యకుండా వడ్డించినాది. వాడు ఏం తినేవాడు, ఎంత తినేవాడు, చలికి దగ్గేవాడా అని అడిగినాది. పెట్టింది పెట్టినట్టు తినేవాడమ్మా, ఆలుగడ్డ ఏపుడైతే మళ్ళీ వచ్చి గిన్నె గీక్కోనేవాడు అన్నాను. ఆమె అట్లనే నా ఆకుకేసి చూస్తా ఉండిపోయినాది.

తిన్నె మీద

చెయ్యి కడుక్కున్నాక, "ఇప్పుడు విప్పు" అన్నాది.

తాడు విప్పినాను. ఒక్క చుక్క లోపలికి పోలేదు. కోటు పొడిగా, వాడు నా భుజాన వేసినప్పుడు ఎట్లుండాదో అట్లనే ఉండాది. గోద రెండడుగులు ముందుకొచ్చి మళ్ళీ ఆగిపోయినాది.

"అమ్మా, నాదొక మాట" అని నేను మొదలుపెట్టబోయినాను.

"నాకు తెలుసు నువ్వేం అడుగుతావో" అన్నాది. "చూడు నాయనా. నూలు బట్టకూ నైలాను బట్టకూ తీట్టు పడతాది. పట్టుకూ ఊలుకూ పట్టదు. నేను మడికి కట్టేది ఊలు గుడ్డనే. మా అత్త చెప్పినాది, ఆమెకు వాళ్ళత్త చెప్పినాది. ఇది ఊలైతే, తడపాల్సిన పనే లేదు." గోదకేసి తిరిగినాది. "పెట్టె వచ్చిన పొద్దు నేను ఊరికే తడపలేదే. వాడి స్వెట్టర్లన్నింట్లోనూ ఒక్కొక్క పోగు లాగి, దీపానికి పెట్టి చూసినా. ఊలైతే వెంట్రుక కాలిన వాసన వస్తాది, బూడిదైపోతాది. ఒక్కటంటే ఒక్కటి ఊలుది లేదు. అన్నీ కరిగి ముద్దయిపొయినాయి. ఒక్కటన్నా దొరికింటే పొడిగా పెట్టుకోవాలనే గదా నేనూ వెదికింది."

గోద నోటిమీద చెయ్యి పెట్టుకునింది. "ఆ పొద్దు ఇల్లంతా ప్లాస్టిక్ కాలిన కంపు కొట్టినాది. ఎందుకో నాకు తెలీలేదత్తా" అన్నాది.

పెద్దామె లోపలికి పోయి దీపం తెచ్చినాది. తిన్నె మూలలో గాలి తగలకుండా పెట్టినాది. కోటు అడుగంచు తిప్పి, మడత లోపలి బట్టలోంచి సూదితో ఒక పోగు లాగినాది. కళ్ళు సరిగా కనబడక రెండుమూడుసార్లు తప్పిపోయినాది. నేను తీస్తానమ్మా అంటే వద్దన్నాది. మిలట్రీలో ఇన్నేళ్ళుండి కూడా ఆ కోటు దేంతో నేస్తారో నాకు తెలీదు.

పోగు దీపానికి పెట్టినాది.

పోగు ముడుచుకపోయి, నల్లటి చిన్న గుండు మాదిరి గడ్డకట్టినాది. వెంట్రుక వాసన రాలేదు. కాలిన ప్లాస్టిక్ కంపు తిన్నె మీదంతా తిరిగినాది. నా ముక్కుకు తగిలినాది, గోద ముక్కుకూ తగిలింటాది. ఆ పిల్ల కళ్ళు మూసుకునింది. నేను కాగుకేసి చూసినాను.

అలమేలమ్మగారు ఆ నల్లటి గుండును రెండువేళ్ళ మధ్య నలిపి చూసుకున్నారు. అది నలగలేదు. వాన్లోకి విసిరేసినారు. కోటును ఎత్తి, కాలరు దగ్గర ముఖం పెట్టుకోని కొంచెంసేపు ఉండిపోయినారు. భుజాలు కదలతాంటే చూసినాను.

తర్వాత ముఖం ఎత్తి, "ఊలే" అన్నాది.

గోద కళ్ళు తెరిచినాది.

"ఊలేనే గోదా. పట్టుకో. లోపల పెట్టుకో, పో" అని కోటు కోడలి చేతుల్లో పెట్టినాది. గోద దాన్ని గుండెకు హత్తుకోని గడప దాటినాది. లోపల తలుపు మూసిన చప్పుడు, ఆ వెనకనే ఏడుపు వినబడినాయి. ఎంతకాలంగా ఆపుకున్న ఏడుపో అది, పశువు అరిచినట్టు వచ్చినాది. నేను చెవులు మూసుకోలేక, కూర్చోలేక, తిన్నె స్తంభం పట్టుకోని నిలబడినాను.

పెద్దామె అటు చూడనైనా చూడలేదు. మెల్లిగా తిన్నె దిగి వాన్లో బావి కాడికి పోయినాది. కాగులో అన్ని నీళ్ళుండగా, బావిలో చేద వేసి నీళ్ళు తోడినాది. కట్టుకున్న చీరతోనే నెత్తిన గుమ్మరించుకునింది. మళ్ళీ తోడినాది, మళ్ళీ పోసుకునింది. తీట్టు తగిలిన బట్టను ముట్టుకున్న మనిషి చేసుకోవాల్సిన తలస్నానం అది. నాకు అర్థమయ్యేదానికి కాస్తసేపు పట్టినాది. ఆ వయసు మనిషి, ఆ గాలివానలో, నీళ్ళు కారే జుట్టుతో వణుకుతా నిలబడి ఉండాది.

"అమ్మా, చాలమ్మా. జరమొస్తాది" అన్నాను.

ఆమె నాకేసి చూసినాది. చేదలో ఇంకా నీళ్ళుండాయి.

"నువ్వూ ముట్టినావు గదా నాయనా. వాడు పోయినప్పుడు నువ్వు ఈడ లేకపోతివి, నీకు ఎవురూ తలకు పొయ్యలేదు. రా."

వాళ్ళలో సావు స్నానం అయినవాళ్ళకే. బయటివాళ్ళకు ఉండదు. నేను చొక్కా విప్పి తిన్నె మీద పెట్టి, బావి కాడికి పోయి ఆమె ముందర తల వంచినాను.